పాలుపంచుకున్నవాళ్లం

ఆ యాట తొడ మా ఇంటికి వచ్చింది.

అది 1972. నాకు పదేళ్లు. బోధన్‌కూ వర్నికీ నడుమ, నిజాంసాగర్ కాలువ కింద ఉన్న ఊళ్లలో ఒకటి మాది. పోశమ్మ గుడి ముందు యాటను కోసి, పోగులు పెట్టి, మోదుగాకుల్లో చుట్టి ఎవరి వాటా వాళ్లకు పంపారు. తలకాయ ఎవరికి, తొడ ఎవరికి, పేగులు ఎవరికి, అంతా తాతల నాటి లెక్క. తొడ పటేలింటిది. అంటే మాది. రాత్రి అమ్మ వండింది. కూర కమ్మగా ఉందని నేను మళ్లీ వేయించుకున్నాను.

ఆ యాట ఎందుకు తెగిందో నాకు తెలుసు. మా బడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునే పిల్లను ఆ పొద్దు పోశమ్మకు జోగినిగా ఇడిచారు. నేను పలకను ఉమ్మితో తుడుస్తుంటే ముక్కు మూసుకుని నవ్విన పిల్ల. తొమ్మిదేళ్లుంటాయి. ముందటేడు తట్టు పోసి ఒళ్లు కాలిపోతుంటే, బతికితే నీకే ఇస్తానని తల్లి మొక్కుకుందట. మొక్కు తీర్చకుంటే ఊరికే అరిష్టమని పెద్దలు గుర్తు చేశారట. పసుపు చీర చుట్టారు. బైండ్లాయన పాట ఎత్తుకున్నాడు. డప్పుల మోతలో మెడలో పుస్తె పడింది. ఆ పిల్ల ఏడవలేదు. కొత్త చీర కట్టినందుకూ, అందరూ తననే చూస్తున్నందుకూ సంబరపడి నవ్వింది.

ఆ నవ్వును అడ్డం పెట్టుకుని మేం ఇన్నేళ్లు బతికాం. "ఎవరు బలవంతం చేసిండ్రు? నవ్వుకుంటనే పాయె గద" అని.

బలవంతం అనగానే కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. గొంతు మీద కత్తి, కట్టేసిన చేతులు, మూసిన తలుపు. ఆ పొద్దు మా ఊళ్లో అవేవీ లేవు. పట్టపగలు, ఊరి నడుమ, అందరి ముందర జరిగింది. చీర షావుకారు ఉద్దెర ఇచ్చాడు. మంచిరోజు పంతులు చెప్పాడు. యాటకు మా తాత అప్పిచ్చాడు. ఆ అప్పు కింద పిల్ల తండ్రి మా చెరుకు తోటలో ఇంకో రెండేళ్లు జీతం ఉన్నాడు. పసుపూ కుంకుమా మా అమ్మ పంపింది. మర్నాడు బడిలో సారు హాజరు పట్టీలో ఆమె పేరు మీద గీత కొట్టాడు. ఎవరి పని వాళ్లు చేశారు. విడిగా చూస్తే ఏ పనీ నేరంలా లేదు. ఒక పిల్ల బతుకును ఎత్తుకుపోవడానికి ఊరంతా తలో చెయ్యి వేస్తే, ఎవరి భుజానికీ బరువు తెలియలేదు.

పాల్గొనడం అంటాం. పాలు కొనడం, అంటే వాటా తీసుకోవడం. ముప్పై అయిదేళ్లు పిల్లలకు తెలుగు చెబుతూ ఈ మాటను ఎన్నిసార్లు విడదీసి రాయించానో లెక్కలేదు. దాని అర్థం మోదుగాకులో చుట్టుకుని మా గడపలోకి వచ్చిన సంగతి మాత్రం పింఛను తీసుకునే వయసొచ్చాక తట్టింది.

*

ఆ పిల్ల పెద్దమనిషి అయిన ఏడాది మా ఇంటి నుంచి దళితవాడకు వడ్ల బస్తా వెళ్లింది. బండి మీద వేసిన జీతగాడు నవ్వాడు. మా పెదనాయన పేరు చెప్పి ఊరు నవ్వింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ బస్తా సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

1981లో మా తాత పోయాడు. ఘనంగా సాగనంపాలన్నారు. మా దగ్గర ఘనం అంటే శవం ముందు డప్పులు, డప్పుల ముందు జోగిని ఆట. అది ఇంటి పరువు. ఆమె వచ్చింది. నెలల పిల్లాణ్ణి వేపచెట్టుకు కట్టిన పాత చీర ఉయ్యాలలో పడుకోబెట్టి వచ్చింది. కాటి దాకా ఆడింది. ఆమె కొంగులో పది రూపాయల నోటు వేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. స్నేహితులతో ఖలీల్‌వాడి గదుల్లో కూర్చుని విప్లవం గురించి మాట్లాడుతున్నాను. ఇందూరు జైల్లో దాశరథి గోడ మీద పద్యం రాసిన సంగతి ఛాతీ విరుచుకుని చెప్పుకుంటున్నాను. నోటు వేశాను. ఆమె నా వైపు చూడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మరి కొన్నేళ్లకు నేను సారునయ్యాను. 1987 జూన్‌లో ఆమె కొడుకును బడిలో వేయడానికి తీసుకొచ్చింది. పేరు రాశాను. పుట్టిన తేదీ నాకు తోచింది వేశాను. తర్వాతి గడి తండ్రి పేరు. కలం ఆగింది. ఆమె చెప్పింది, చాలా మామూలుగా, ధర చెప్పినట్టు: "ఎవలదన్న రాయి సారూ. ఊర్ల ఎవలి పేరు రాసినా తప్పు గాదు."

పిల్లాడు ఆమె వెనక నుంచి తొంగి చూశాడు. ఆ చెవులు మా ఇంటి చెవులు. తమ్మెలు అతుక్కుని, పైన కొంచెం మొనదేలి, మా పెదనాయనకూ మా నాయనకూ నాకూ ఉన్నవే. నేను దవాతులో కలం ముంచి 'పోశయ్య' అని రాశాను. ఉన్న మనిషిని కాపాడటానికి లేని మనిషిని పుట్టించాను. పోశమ్మ పేరు మీదిదే కదా, ఎవరూ తప్పు పట్టరనుకున్నాను. ఎవరూ పట్టలేదు.

*

చట్టం లేదని తప్పించుకునే వీలు మాకు లేదు. నేను ఆ కూర తిన్న నాటికే అది నేరం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను వ్యభిచారానికి అప్పగించినా, తెచ్చుకున్నా పదేళ్ల దాకా జైలని భారత శిక్షాస్మృతి 372, 373 సెక్షన్లు చెప్పేవి. పదహారేళ్ల లోపు పిల్ల ఒప్పుకున్నా అది అత్యాచారమే అన్నది అప్పటికే చట్టం. కాని మా ఊళ్లో దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మొక్కు అన్నాం, ఆచారం అన్నాం, పోశమ్మ ఆజ్ఞ అన్నాం. మద్రాసు రాష్ట్రంలో ముత్తులక్ష్మి రెడ్డి పోరాడగా పోరాడగా 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. అది కృష్ణా గోదావరుల డెల్టా దాకా వచ్చింది గాని మంజీర ఒడ్డుకు రాలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జోగినీ ఆచారం మీద గొంతెత్తి అప్పటికే ఎన్నో ఏళ్లు. ఆ గొంతు మా పటేళ్ల చెవికెక్కలేదు.

1988లో మా కోసమే అన్నట్టు ఒక చట్టం వచ్చింది: ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం. జోగిని, బసివి, మాతమ్మ, ఏ పేరు పెట్టినా నేరమే. జరిపించినవాళ్లకూ, ప్రోత్సహించినవాళ్లకూ, పాల్గొన్నవాళ్లకూ మూడేళ్ల దాకా శిక్ష. తల్లిదండ్రులో బంధువులో అయితే అయిదేళ్ల దాకా. చట్టం వచ్చిన కొత్తలో అధికారులు ఊళ్లో సభ పెట్టి, సారు కాబట్టి నన్నే చదివి వినిపించమన్నారు. వాడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాం. పెద్దమనుషులు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. నేను తల్లిదండ్రుల ముక్క గట్టిగా చదివాను. 'పాల్గొన్నవాళ్లు' దగ్గర గొంతు తగ్గింది. ఆ మాట వెనక కుర్చీలదని నాకు తెలుసు. ముందు వరసలో తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక కుర్చీల్లో చాయ్ తాగారు.

చట్టాన్ని మేం ఇలా వాడుకున్నాం. అప్పు ఇచ్చినవాడికీ, అరిష్టమని బెదిరించినవాడికీ, బస్తా పంపినవాడికీ తగలాల్సిన దెబ్బను, చేతిలో చిల్లిగవ్వ లేక అమ్మవారి మీద భారం వేసిన తల్లి వైపు మళ్లించాం. "మీ ఆచారమే కదమ్మా, మీరే మానుకోవాలి" అని నీతి కూడా చెప్పాం. ఇరవై ఏళ్లు దాటినా ఆ చట్టానికి నియమావళి రాలేదు. అడగాల్సిన చదువుకున్నవాళ్లం మేమే. అడగలేదు. ఆ చట్టం కింద మా చుట్టుపక్కల ఊళ్లలో జైలుకు పోయిన పటేలు పేరు నేను వినలేదు.

ఆ తర్వాత చట్టాలు మా వైపు ఒక్కో అడుగూ జరుగుతూనే వచ్చాయి. 1990 మేలో విశాల్ జీత్ కేసులో సుప్రీంకోర్టు దేవదాసీ ఆచారంతో పాటు జోగినీ పేరెత్తి ప్రభుత్వాలను కదలమంది. 2012 నవంబర్‌లో పోక్సో అమల్లోకి వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే, చెప్పనివాడికే ఆరు నెలల దాకా జైలు. 2016 జనవరి 26 నుంచి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఇంకో ముక్క చేరింది. దళిత స్త్రీని దేవతకు అంకితం చేయించినా, చేయనిచ్చినా ఆ కులానికి బయటివాడికి అయిదేళ్ల దాకా శిక్ష. 1988లో పాల్గొన్నవాణ్ణి పట్టుకున్న చట్టం, తర్వాత చెప్పనివాణ్ణి, ఆ తర్వాత చేయనిచ్చినవాణ్ణి పట్టుకుంది. ఈ మూడూ నేనే. చట్టం చేసినవాళ్లు మా ఊరి రచ్చకట్ట మీద కూర్చుని రాసినట్టుంటుంది నాకు.

అయినా ఒక చిక్కు మిగిలింది. అయిదుగురు కలిసి కర్రలు పట్టుకుని వస్తే, కొట్టినవాడితో పాటు వెంట వచ్చినవాణ్ణీ చట్టం బోనెక్కిస్తుంది. అయిదు వందల మంది కలిసి పోగులు పంచుకుంటే? ఫిర్యాదు చేయాల్సింది ఎవరు? సాక్ష్యం చెప్పాల్సింది ఎవరు? సాక్షులందరూ ముద్దాయిలే అయిన ఊళ్లో కేసు పుట్టదు.

*

ఇది కరువు నేల కాదు. వెనకబడ్డ ప్రాంతం, చదువులేని జనం అని ఎవరైనా మా మీద జాలిపడితే ఆ జాలి మాకు చెల్లదు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని శక్కర్‌నగర్ వైపు వేలు చూపించి చుట్టాలకు చెప్పుకున్నాం. క్రషింగ్ రోజుల్లో గాలి కూడా తియ్యగా ఉండేది. చెరుకు డబ్బుతో మేడలు లేచాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆ చెరుకు నరికిన చేతులు వాడవి. జోగినులు కూడా పగలు ఆ కూలికే వచ్చేవాళ్లు. కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డవాళ్లు "ఇది ఇక్కడివాళ్ల ఆచారం, మనకెందుకు" అన్నారు. ఇక్కడివాళ్లం "ఇది వాడ ఆచారం, మనకెందుకు" అన్నాం. నీళ్ల వంతు దగ్గర గెట్టు తెగేదాకా కొట్టుకున్న మేం, ఈ ఒక్క మాట దగ్గర కలిసిపోయాం.

మాకు చేతకాక కాదు. మా జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల గురించి తెలియనివాళ్లు లేరు. కమిటీ ఒక్క రాత్రి తీర్మానిస్తే తెల్లారేసరికి ఒక ఇంటికి నీళ్లు బంద్, కిరాణం బంద్, పలకరింపు బంద్. మాట్లాడినవాడికి జుర్మానా. కల్లుకు వేలం పాట, బెల్టు షాపుకు వేలం పాట, అన్నీ కమిటీ చేతి మీదుగానే. డప్పు కొట్టమన్నప్పుడు కూలి అడిగారని దళిత కుటుంబాలను వెలేసిన కమిటీలు ఉన్నాయి. ఇంత బలం ఉన్న ఊరు, "పిల్లను ఇడిచిన ఇంటికి కాదు, ఇడవమన్న ఇంటికి నీళ్లు బంద్" అని ఒక్క రాత్రి తీర్మానించలేకపోయిందా? తీర్మానించలేదు, అంతే.

2002లో చక్కెర ఫ్యాక్టరీని ప్రైవేటుకు అప్పగించినప్పుడు మేం రోడ్డెక్కాం. 2015 డిసెంబర్‌లో దానికి తాళం పడ్డప్పుడు ధర్నాలు, వంటావార్పులు, బంద్‌లు చేశాం. నేనూ టెంటు కింద కూర్చున్నాను. న్యాయమైన పోరాటమే, తప్పు లేదు. కాని జోగినుల కోసం నేను కూర్చున్న టెంటు ఒక్కటీ లేదు.

ఆ పని బయటివాళ్లు వచ్చి చేయాల్సి వచ్చింది. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా కొడుకు లవణం, జాషువా కూతురు హేమలత వర్నిలో కూర్చుని జోగినుల మధ్య పని చేశారు. వాళ్లు పెట్టిన ఆశ్రయానికి చెల్లి నిలయం అని పేరు. చెల్లి! మా నోట జోగినికి లేని వరస లేదు, ఆ ఒక్కటి తప్ప. జోగినులకు పెళ్లిళ్లు చేశారు, పిల్లలను బడికి పంపారు. "దేవుణ్ణి నమ్మనోళ్లు మన దేవతల జోలికెందుకు" అని మా వాళ్లు సణిగారు. నేను స్టాఫ్ రూములో ఆ సణుగుడు విని తలూపాను. హేమలత 2008లో, లవణం 2015లో పోయారు. రెండుసార్లూ పత్రికలో చదివి, "గొప్ప మనుషులు" అన్నాను. అనడానికి ఖర్చేముంది.

*

ఇదంతా పాత కథ, ఇప్పుడు మా ఊళ్లో పిల్లలను ఇడవడం లేదు అంటారా? నిజమే, నేను చూసి చాలా ఏళ్లయింది. కాని చేతులు కలిపే అలవాటు పోలేదు.

మా వీధిలో సాయంత్రం ఏ అరుగు మీద చూసినా చాట, తునికాకు, తంబాకు. ఆకు తూకం ప్రకారం ఇన్ని బీడీలు తిరిగి ఇవ్వాలని లెక్క. ఆకు చెడ్డదైతే తల్లికి లెక్క రాదు, ఆ లోటు పూడ్చేది బడి నుంచి వచ్చిన పిల్ల వేళ్లు. దారం కట్టడం, మూతులు ముడవడం. 1986 బాల కార్మిక చట్టం బీడీల తయారీని నిషేధపు జాబితాలో పెట్టింది, ఇంటివాళ్లు ఇంట్లో చేసుకుంటే మాత్రం వదిలేసింది. కంపెనీలు అప్పటికే పని మొత్తం ఇళ్లకు చేర్చాయి కాబట్టి చట్టం వచ్చేసరికి ఊరు ఊరంతా ఇల్లే. 2016లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధించారు. బడి వేళ దాటాక కుటుంబానికి సాయం అనే సందు అప్పుడూ ఉంచారు. నా తరగతిలో ఆడపిల్లల నోటుబుక్కులు తంబాకు వాసన వేసేవి. బీడీలు చేసే పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందని నేనే తల్లులతో అన్నాను, మెచ్చుకోలుగా. రానివాళ్లకు హాజరు వేసింది కూడా నేనే. లెక్క తగ్గితే బడి నుంచి ఒక పోస్టు పోతుందని భయం.

ఇక కల్లు. మందు కలిపిన కల్లుకు మా జిల్లా పెట్టింది పేరు. దుకాణం నుంచి సీసా తెమ్మని పదేళ్లవాణ్ణి పంపని ఇల్లు ఎన్ని? మత్తు సరుకు మోయడానికి పిల్లలను వాడితే ఏడేళ్ల దాకా కఠిన శిక్ష అని 2015 బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను నేరానికి పురమాయిస్తే మూడేళ్లకు తక్కువ కాకుండా పదేళ్ల దాకా జైలు, ఆ నేరం జరిగితే దాని శిక్ష కూడా పెద్దలకే. పేకాట కాడ కాపలాకు, ఇసుక ట్రాక్టరు ముందు పోలీసుల జాడ చెప్పడానికి పిల్లలను నిలబెట్టే మా వాళ్లు ఆ సెక్షన్ పేరు కూడా వినలేదు. విన్న నేను చెప్పలేదు. మా ఇంటి సీసా తెచ్చిన పిల్లాడికి చిల్లర ఉంచుకోమన్నాను. వాడు సంబరపడి నవ్వాడు.

ఆ నవ్వు నేను అంతకు ముందు చూశాను.

*

'పోశయ్య' కొడుకు ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు. మా జిల్లాలో సగం ఊళ్ల కుర్రాళ్లలాగే. పాస్‌పోర్టు చేయించుకునే ముందు బడి సర్టిఫికెట్ కోసం నా దగ్గరికే వచ్చాడు. అందులో ఏముందో అదే పాస్‌పోర్టులో పడింది. నా కలం పుట్టించిన తండ్రి అతని పేరు పక్కన విమానమెక్కాడు, ఏ సరిహద్దులో ఏ అధికారి తిప్పి చూసినా పోశయ్యే కనిపిస్తాడు. వెళ్లే ముందు అతను నా కాళ్లకు మొక్కాడు, చదువు చెప్పిన సారునని. వంగినప్పుడు చెవులు కనిపించాయి. నిండు నూరేళ్లు బతుకు బిడ్డా అన్నాను. తమ్ముడా అనలేదు.

అతని తల్లి ఉంది. మోకాళ్లు అరిగిపోయాయి. శవాల ముందు ఆడిన మోకాళ్లు. ఈ వ్యాసం రాసే ముందు వెళ్లి క్షమించమని అడగాలనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను. "ఏం సారూ, ఎండల వచ్చినవ్" అని పీట వేసింది. నీళ్లిచ్చింది. తాగాను. చిన్నప్పుడు ఆ ఇంటి నీళ్లు తాగనివ్వని కులం మాది, ఇప్పుడు తాగుతున్నానని నాకు నేనే గొప్పగా అనిపించింది. ఆ గొప్ప మీద సిగ్గుపడే లోపే ఆమె మోకాళ్లకు మందు పేరు అడిగింది. చీటీ మీద రాసిచ్చాను. క్షమాపణ జేబులోనే ఉండిపోయింది. ఆమె అడగనిది ఇవ్వబోవడం కూడా నా తేలిక కోసమేనేమో.

ఒప్పుకోవడం వేరు, సాక్ష్యం చెప్పడం వేరు. సాక్ష్యంలో ఊరి పేరుంటుంది, మనుషుల పేర్లుంటాయి, తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. మొదటి నుంచి చదివి చూసుకున్నాను. బోధన్ పేరుంది, వర్ని పేరుంది, సెక్షన్ల నంబర్లన్నీ ఉన్నాయి. మా ఊరి పేరు లేదు. పెదనాయన పేరు లేదు. ఆయన మనుమలు ఊళ్లో ఉన్నారు, మా పొలం గట్టు పక్కనే వాళ్ల పొలం, ఎల్లుండి ఇంట్లో పెళ్లి. పేరు రాయబోయిన చోటల్లా కలం ఆగింది, 1987 జూన్‌లో ఆగినట్టే.

నా పోగు నేను ఇంకా దాచుకునే ఉన్నాను.